స్లైడు మీది కణం బతికే ఉందా? తేల్చే పద్ధతులు, జరిగే పొరపాట్లు

#1 చిగురాకు
సజీవుల లక్షణాల పాఠం, కణ నిర్మాణం పాఠం ఎప్పుడూ దేనికదే నడుస్తాయి. ఒకదానిలో పోషణ, శ్వాసక్రియ, విసర్జన, చలనం, పెరుగుదల, ప్రత్యుత్పత్తి, ప్రతిస్పందన అని ఏడు పేర్లు వల్లె వేయిస్తారు. రెండోదానిలో ఉల్లిపొర తీసి, రంగు వేసి, కేంద్రకం చూపిస్తారు. రెంటినీ కలిపే ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు: లెన్సు కింద ఉన్న ఆ కణం, మనం చూస్తున్న క్షణంలో బతికి ఉందా? ఏడింటిలో దేన్ని చూసి చెప్పాలి?

40x వస్తుకటకం దాకా ఉన్న మామూలు మైక్రోస్కోపు, స్కూలు ల్యాబులో దొరికే రసాయనాలు చాలేలా పద్ధతులు చెప్పండి. కొలతలతో సహా కావాలి.

#2 రిక్తిక
ముందు ఒక చేదు మాట. సాఫ్రనిన్ గాని అయొడిన్ గాని వేసిన ఉల్లిపొరలో కేంద్రకం అంత స్పష్టంగా రంగు పట్టిందంటే ఆ కణం చచ్చిందనే అర్థం. అయొడిన్ కణాన్ని చంపేస్తుంది. సాఫ్రనిన్‌ను చాలాచోట్ల ఆల్కహాల్‌లోనే కలిపి ఉంచుతారు కాబట్టి అదీ చంపుతుంది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి కూడా ఖాళీ గోడలే. "కణం" అనే మాట పుట్టిందే శవాన్ని చూసి. ప్రాణమున్న ఒంటరి కణాలను చూసింది ఆ తర్వాత దశాబ్దంలో లీవెన్‌హుక్.

బతికి ఉందని తేల్చడానికి ఉల్లిపొరకు అన్నిటికన్నా నమ్మకమైనది ప్లాస్మాలిసిస్, అంటే నీరు బయటికి పోయి కణం లోపలి భాగం గోడ నుంచి వదిలి ముడుచుకోవడం. ఎర్ర ఉల్లిపాయ తీసుకోండి. రేకకు రెండు పక్కలా పొర ఉంటుంది. ఊదా రంగు ఉండేది బయటి వైపు, అంటే ఉబ్బెత్తు వైపు పొరలో. లోపలి వైపు పొర సులువుగా ఊడొస్తుంది గాని దానికి రంగు ఉండదు. ఈ పనికి రంగుపొరే కావాలి, ఎందుకంటే ఆ రంగు రిక్తికలో (కణం లోపలి రసపు సంచిలో) కరిగి ఉంటుంది, రిక్తిక ముడుచుకుంటే కంటికి తెలుస్తుంది.

రేక మీద బ్లేడుతో 5 మిల్లీమీటర్ల చదరం గీసి, ఒక మూల ఫోర్సెప్స్‌తో పట్టి, రేకకు దాదాపు సమాంతరంగా లాగండి. పైకి లాగితే కింది కండ కూడా వస్తుంది, కణాలు రెండు మూడు వరుసలు పడి ఏదీ తేటగా కనిపించదు. తీసిన వెంటనే నీటి చుక్కలో వేయాలి. గాలిలో అర నిమిషం ఉంచినా చుట్టుకుపోతుంది, అంచు కణాలు ఎండిపోతాయి.

10xలో రంగు నిండుగా ఉన్న ప్రాంతాన్ని వెతికి, ఆ చోటును కదపకుండా కవర్‌స్లిప్ ఒక అంచున చక్కెర ద్రావణం చుక్క వేసి, ఎదుటి అంచున బ్లాటింగ్ పేపర్ ముక్కతో పీల్చండి. ఇలా రెండు మూడు సార్లు చేయాలి, ఒక్కసారితో కింది నీరంతా మారదు. 0.5 మోలార్ చక్కెరతో మొదలుపెట్టండి. 5 నుంచి 15 నిమిషాల్లో రంగు సంచి మూలల నుంచి వదులుతూ నడిమికి చేరుతుంది. కణకవచం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

#3 హరితరేణువు
సంచి ముడుచుకున్నాక కవచానికీ పొరకూ మధ్య ఖాళీ వస్తుంది కదా. అక్కడ ఏముంటుంది? గాలా?

#4 రిక్తిక
బయటి చక్కెర ద్రావణమే. కణకవచం సెల్యులోజ్ అల్లిక, చక్కెర అణువు దానిలోంచి అడ్డు లేకుండా దూరిపోతుంది. ఆపేది లోపలి ప్లాస్మా పొర. నీటిని రానిస్తుంది, చక్కెరను దాదాపు రానివ్వదు. పరీక్షల్లో "శూన్యం" అని రాసేవాళ్ళు, "కణద్రవ్యం" అని రాసేవాళ్ళు ఇద్దరూ మార్కు పోగొట్టుకునే ప్రశ్న ఇది.

#5 నిక్కచ్చి
రిక్తిక గారూ, పద్ధతి సరే. కానీ "ముడుచుకుంది కాబట్టి బతికుంది" అంటే ఒప్పుకోను. మూడు అభ్యంతరాలు.

ఒకటి: చచ్చిన కణంలో కూడా లోపలి పదార్థం గడ్డకట్టి గోడ నుంచి ఊడుతుంది. అది వంకరటింకరగా, గరుకుగా, గోధుమ రంగులో ఉంటుంది. నిజమైన ప్లాస్మాలిసిస్‌లో సంచి అంచు నున్నగా, గుండ్రంగా ఉంటుంది. చూపుతో తేడా పట్టొచ్చు గాని అలవాటు లేనివాళ్ళు పొరబడతారు.

రెండు: ముడుచుకున్న తర్వాత కణాన్ని ఆల్కహాల్‌తో స్థిరపరిస్తే ఆ ఆకారం అలాగే మిగిలిపోతుంది. కాబట్టి ముడుచుకుని ఉండటం గతంలో ఎప్పుడో పొర పనిచేసిందనే చెబుతుంది. ఇప్పుడు పనిచేస్తోందని తేలాలంటే వెనక్కి రప్పించాలి. చక్కెర తీసేసి నీళ్ళు పంపితే సంచి మళ్ళీ ఉబ్బి గోడను తాకాలి. అదే అసలు రుజువు. అదీ నెమ్మదిగా చేయాలి: 0.5 నుంచి 0.25కు, కొన్ని నిమిషాలాగి నీటికి. ఒక్కసారిగా నీరు పంపితే పొర సాగలేక పగులుతుంది, రంగు కణమంతా పరుచుకుంటుంది. అప్పుడు "చచ్చింది" అని రాస్తారు, చంపింది మనమే.

మూడు, ఇది సూక్ష్మం: పొరలు రెండున్నాయి. బయట ప్లాస్మా పొర, లోపల రిక్తిక చుట్టూ టోనోప్లాస్ట్. రెండోది గట్టిది. గాఢమైన ఉప్పులో పెడితే బయటి పొర చచ్చి కణద్రవ్యం గడ్డకట్టినా, టోనోప్లాస్ట్ కొంతసేపు రంగును పట్టి ఉంచుతుంది. 1885లోనే హ్యూగో డి వ్రీస్ ఈ పొర విడిగా ఉందని ఇలాంటి ప్రయోగాలతోనే చూపించాడు. అందుకే 5 శాతం ఉప్పునీరు వాడొద్దంటాను. అది 0.86 మోలార్, పైగా ఉప్పు రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి ద్రవాభిసరణ ప్రభావం దాదాపు రెట్టింపు. త్వరగా ముడుస్తుంది, అంతే త్వరగా చంపుతుంది.

#6 రిక్తిక
రెండో అభ్యంతరానికి దండం. వెనక్కి రప్పించడం తప్పనిసరి అని రాయాల్సింది, మరిచాను. అన్నిటికీ తోడు ఒక పోలిక స్లైడు కూడా పెట్టాలి: అదే రేక నుంచి తీసిన ఇంకో ముక్కను మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి, అదే చక్కెరలో పెట్టండి. రంగు నీటిలోకి కారిపోతుంది, సంచి ఏర్పడదు.

#7 కొలబద్ద
చక్కెర కలపడంలోనే సగం మంది తప్పుతారు. 1 మోలార్ అంటే 342.3 గ్రాములు లీటరు ద్రావణంలో. 100 మిల్లీలీటర్లకు 34.2 గ్రాములు. కానీ 34.2 గ్రాములను 100 మిల్లీలీటర్ల నీటిలో వేయడం కాదు! అలా వేస్తే ద్రావణం దాదాపు 121 మిల్లీలీటర్లు అవుతుంది, గాఢత 0.83 దగ్గరే ఆగుతుంది. ముందు 60 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, ఆ తర్వాత 100 గీత దాకా నీరు పోయాలి.

ఈ స్టాకు నుంచి 2, 3, 4, 5, 6 మిల్లీలీటర్లు తీసి ఒక్కోదాన్ని నీటితో 10కి పెంచితే 0.2 నుంచి 0.6 దాకా వరుస వచ్చేస్తుంది. ఒక్కోదానిలో ఒక్కో పొర ముక్క 20 నిమిషాలు. స్లైడు చేసేటప్పుడు నీటిలో కాదు, అదే ద్రావణపు చుక్కలో పెట్టాలి. లేకపోతే ముడుచుకున్నది చూసేలోపే మళ్ళీ ఉబ్బుతుంది. ఒక్కోదానిలో 50 కణాలు లెక్కపెట్టి, సగం కణాలు మూలల దగ్గరైనా వదిలిన గాఢత ఎక్కడొస్తుందో గ్రాఫు గీయండి. కణరసపు గాఢత దానికి దగ్గరగా ఉందన్నమాట. పాయను బట్టి, నిల్వను బట్టి మారుతుంది, కాబట్టి పుస్తకంలోని అంకె రాలేదని కంగారు పడక్కర్లేదు. స్టాకు రెండో రోజుకే బూజు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి.

#8 మసకచూపు
నాకు రంగు లేని కణాలు అసలు కనిపించడం లేదు. ఫోకస్ ఎంత తిప్పినా తెల్లటి వెలుగే. ఒక్కోసారి నల్లటి మందమైన అంచుతో గుండ్రటివి కనిపిస్తాయి. అవి కణాలేనా?

#9 కొలబద్ద
నల్ల అంచు గుండ్రాలు గాలి బుడగలు. కవర్‌స్లిప్‌ను పైనుంచి పడేయకుండా, ఒక అంచు నీటిని తాకించి సుమారు 45 డిగ్రీల వాలులో సూదితో నెమ్మదిగా దించితే రావు.

తెల్లటి వెలుగుకు కారణం డయాఫ్రమ్ (స్లైడు కింద వెలుగు వచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించే భాగం) బాగా తెరిచి ఉండటం. రంగు లేని కణం, చుట్టూ ఉన్న నీరు రెండూ వెలుగును దాదాపు ఒకేలా పోనిస్తాయి. డయాఫ్రమ్ సగం పైగా మూయండి. గోడలు గీతల్లా తేలతాయి. మరీ మూస్తే అంచుల చుట్టూ లేని గీతలు కూడా పుడతాయి, అదొక జబ్బు. దీపం వెలుగు తగ్గించడం, డయాఫ్రమ్ మూయడం ఒకటి కాదు. మొదటిది చీకటి చేస్తుంది, రెండోది తేడా చూపిస్తుంది.

పనిలో పనిగా కొలత కూడా: అక్షికటకం మీద క్షేత్ర సంఖ్య 18 అని ఉంటే 40xలో కనిపించే వృత్తం వ్యాసం 18/40, అంటే 0.45 మిల్లీమీటరు, 450 మైక్రోమీటర్లు. ఒకటిన్నర కణం పొడవు ఆ వ్యాసానికి సరిపోతే కణం 300 మైక్రోమీటర్లు.

#10 హరితరేణువు
చలనం చూసి చెప్పలేమా? హైడ్రిల్లా ఆకులో హరితరేణువులు గోడ వెంట వరుసగా తిరుగుతాయి. రంగూ అక్కర్లేదు, చక్కెరా అక్కర్లేదు.

కొమ్మ చివర దగ్గరి లేత ఆకును చెరువు నీటిలోనే స్లైడు మీద పెట్టాలి. ఆకు మందం రెండు కణ వరుసలే కాబట్టి కోయక్కర్లేదు. నడిమి ఈనె పక్కనున్న పొడవాటి కణాలు చూడండి. నీరు 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి, వెలుగులో ఒక పావుగంట ఆగాలి. ఒక రేణువు సుమారు 5 మైక్రోమీటర్లు. అది తన వ్యాసానికి ఎన్ని రెట్ల దూరం ఎన్ని సెకన్లలో దాటిందో లెక్కపెడితే వేగం వస్తుంది.

#11 నిక్కచ్చి
కదిలితే బతికున్నట్టే, అది ఒప్పుకుంటాను. కదలకపోతే చచ్చినట్టు కాదు. దెబ్బ తగలని ఆకులో చాలాసార్లు ఈ ప్రవాహం ఉండదు. తెంపడం వల్ల, వెలుగు వల్ల మొదలవుతుంది. చల్లటి నీటిలో ఆగుతుంది, వెచ్చబడితే మళ్ళీ సాగుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. చిన్న రేణువులు ఒకే చోట వణుకుతూ ఉంటే అది ప్రాణం కాదు, బ్రౌనియన్ చలనం. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి లోపలి రేణువుల వణుకు చూసి, ప్రాణమేమోనన్న అనుమానంతో ప్రాణం లేని ఖనిజాల పొడిని కూడా నీటిలో వేసి చూశాడు. అదీ వణికింది. (నాలుగేళ్ళ తర్వాత కణంలోని కేంద్రకానికి పేరు పెట్టింది కూడా ఈయనే.) పెరుగు నీటిలో బాక్టీరియా "ఈదుతున్నాయి" అని చూపించే వీడియోల్లో సగం ఈ వణుకే. తేడా పట్టాలంటే నమూనాను మరిగించి చూడండి. అప్పుడూ వణికితే అది ఉష్ణ చలనం. చుట్టుపక్కలవన్నీ ఒకే దిక్కుకు పోతుంటే కవర్‌స్లిప్ కింద నీరు పారుతోందని అర్థం. పక్కనున్నవాటికి ఎదురుగా, దిశ మార్చుకుంటూ పోయేదే ఈత.

#12 పులిసినపిండి
శ్వాసక్రియ వైపు నుంచి వద్దాం. ఈస్ట్‌కు మిథిలిన్ బ్లూ పరీక్ష. ఇక్కడ రంగు తీరు తలకిందులు: బతికున్న కణం తెల్లగా, చచ్చినది నీలంగా ఉంటుంది. రంగు లోపలికి కొద్దిగా వెళ్ళినా, బతికున్న కణం జీవక్రియలో పుట్టే ఎలక్ట్రాన్లతో దాన్ని క్షయకరణం చేసి రంగులేని రూపంగా మార్చేస్తుంది. చచ్చిన కణానికి ఆ శక్తి ఉండదు.

ద్రావణం: 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల సోడియం సిట్రేట్, 0.01 గ్రాము మిథిలిన్ బ్లూ. ఈస్ట్: 1 గ్రాము పొడి 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో చిటికెడు చక్కెరతో, 30 నిమిషాలు. తర్వాత కణాలు విడివిడిగా కనిపించేదాకా పలుచన చేయండి. ఈస్ట్ చుక్క, రంగు చుక్క సమానంగా కలిపి, 5 నిమిషాల్లోపు లెక్క ముగించాలి. ఆలస్యమైతే రంగే విషమై బతికున్నవి కూడా నీలమవుతాయి. 200 కణాలకు తగ్గకుండా లెక్కపెట్టండి. మొగ్గ తల్లి కణంలో సగానికి తక్కువ ఉంటే విడిగా లెక్కించరు.

పరిమితి కూడా ఉంది. చచ్చినవి ఎక్కువైన పాత నమూనాలో ఈ పద్ధతి బతికినవాటి శాతాన్ని ఉన్నదానికన్నా పెంచి చూపిస్తుంది.

#13 రిక్తిక
రంగు పట్టిందంటే బతికున్నట్టని చెప్పేది కూడా ఒకటుంది, న్యూట్రల్ రెడ్. ఉల్లి లోపలి పొర (రంగు లేనిది) దీనికి సరైనది. 0.01 శాతం ద్రావణంలో 10 నుంచి 15 నిమిషాలు. బతికున్న కణం రిక్తిక ఎర్రబడుతుంది, గోడ తెల్లగా ఉంటుంది. చచ్చిన కణంలో కేంద్రకం, గోడ రంగు పడతాయి, రిక్తిక ఖాళీ.

జరిగేదేమిటంటే, తటస్థ నీటిలో ఈ రంగు అణువుల్లో కొన్ని ఆవేశం లేకుండా ఉంటాయి, అవి పొరలు దాటగలవు. రిక్తిక లోపల ఆమ్లం. అక్కడికి చేరగానే ప్రోటాన్ అంటుకుని ఆవేశం వస్తుంది, ఇక బయటికి రాలేవు. రిక్తికను ఆమ్లంగా ఉంచేది కణం ఖర్చుపెట్టే శక్తి.

"ఎన్నిసార్లు చేసినా గోడలే ఎర్రబడుతున్నాయి" అనేవాళ్ళు వాడేది దాదాపు ఎప్పుడూ డిస్టిల్డ్ వాటరే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి దాని పీహెచ్ 5.6 దగ్గరికి దిగిపోతుంది. రంగు బయటే ఆవేశం పొంది గోడకు అంటుకుంటుంది. ఫాస్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 7.2 నుంచి 7.5 ఉంచండి. ద్రావణం ఎర్రగా కాక నారింజ పసుపుగా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

#14 చిగురాకు
అంటే ఒక్కో పరీక్ష ఒక్కో లక్షణాన్నే పట్టుకుంటోంది: పొర పట్టు, క్షయకరణ శక్తి, ప్రవాహం. ఏడింటిలో ప్రత్యుత్పత్తి, పెరుగుదల ఏ పరీక్షలోనూ రాలేదు. మరి విభజన చెందని కణం సంగతి?

#15 నిక్కచ్చి
ఆ ఏడూ కణానికి రాసినవి కావు, జీవికీ జాతికీ రాసినవి. ఒక్కో కణానికి అన్నీ అంటగడితే తికమకే. మనిషి ఎర్ర రక్తకణం చూడండి: పక్వమయ్యాక కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, విభజన లేదు. అయినా గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండానే విడగొట్టి శక్తి తీసుకుంటూ, సోడియంను బయటికీ పొటాషియంను లోపలికీ తోస్తూ సుమారు 120 రోజులు ఉంటుంది. ఆ పంపు ఆగితే పోతుంది. మొక్కల్లో చాలనీ నాళ కణానికి కేంద్రకం లేదు, పక్కనున్న సహకణం పోషిస్తుంది కాబట్టి బతుకుతుంది. దారు నాళం చచ్చాకే పనికొస్తుంది.

కంచరగాడిద సంతానాన్ని కనదు, అయినా దాని కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. మంట వ్యాపిస్తుంది, స్ఫటికం పెరుగుతుంది, అవి జీవులు కావు. కణం విషయంలో నేను అడిగేది ఒకటే: లోపలికీ బయటికీ తేడాను శక్తి ఖర్చుపెట్టి నిలుపుకుంటోందా లేదా.

#16 హరితరేణువు
వైరస్‌కు ఆ లెక్క వర్తించదుగా. 1935లో స్టాన్లీ పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా రాబట్టాడు. స్ఫటికం చేసి, మళ్ళీ కరిగించి ఆకుకు రుద్దితే జబ్బు వస్తుంది.

#17 నిక్కచ్చి
అందుకే వైరస్ రేణువును కణాల జాబితాలో పెట్టను. రైబోజోములు లేవు, సొంత శక్తి తయారీ లేదు. దాని జీవితమంతా అతిథేయి కణం లోపలే. వేరే చర్చ పెట్టుకుందాం, ఇక్కడ మొదలైతే ఆగదు.

#18 చిగురాకు
చివరిగా ఒకటి. ఎండు విత్తనం కదలదు, పెరగదు, శ్వాస కొలవలేనంత తక్కువ. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట దగ్గర దొరికిన సుమారు 2000 ఏళ్ళ ఖర్జూర గింజ 2005లో మొలిచింది కదా. మొలిపించకుండానే బతికుందని ఎలా చెప్పాలి? టెట్రజోలియం అంటారు, మొక్కజొన్న గింజలతో చేస్తే ఒక్కటీ ఎర్రబడలేదు.

#19 పులిసినపిండి
సూత్రం మిథిలిన్ బ్లూ లాంటిదే, ఫలితం రివర్సు. రంగులేని టెట్రజోలియం క్లోరైడ్‌ను బతికున్న కణాల డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఎర్రటి ఫార్మజాన్‌గా మారుస్తాయి. అది నీటిలో కరగదు, పుట్టినచోటే నిలిచిపోతుంది. అందుకే ఏ భాగం బతికుందో బొమ్మ గీసినట్టు తెలుస్తుంది.

ఎర్రబడకపోవడానికి కారణాలు వరుసగా చూసుకోండి. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి, ఉత్త నీటిలో కలిపితే ఆమ్లమవుతుంది, రంగు రాదు. బఫర్ ఇలా: లీటరుకు 9.078 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ ఒక సీసాలో, లీటరుకు 11.876 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ డైహైడ్రేట్ ఇంకో సీసాలో, మొదటిది 2 వంతులు, రెండోది 3 వంతులు కలపండి. 100 మిల్లీలీటర్ల బఫర్‌కు 1 గ్రాము టెట్రజోలియం.

ఎండు గింజను నేరుగా వేయకూడదు. రాత్రంతా నానబెట్టాలి, లేకపోతే ఎంజైములు మేల్కోవు. తర్వాత పిండం నడిమిగా నిలువునా కోసి, కోసిన ముఖం మునిగేలా 30 నుంచి 35 డిగ్రీల దగ్గర, చీకటిలో, రెండు గంటలు. వెలుగు తగిలితే ద్రావణమే గులాబీ రంగుకు తిరుగుతుంది. ద్రావణం ఒంటికి తగలకుండా చేతి తొడుగులు వేసుకోండి.

ఇంకో అనుమానం: ఎర్రబడలేదని మీరు చూసింది గింజలోని తెల్లటి భాగాన్నేమో. మొక్కజొన్నలో ఎక్కువ భాగం నిల్వ పిండిపదార్థం, ఆ కణాలు గింజ పండేసరికే చచ్చిపోయి ఉంటాయి. అది ఎప్పటికీ ఎర్రబడదు. చూడాల్సింది పిండాన్ని, దాన్ని ఆనుకున్న స్క్యుటెల్లాన్ని (డాలు లాంటి బీజదళాన్ని).

#20 చిగురాకు
ఉత్త నీటిలోనే కలిపాను. కోసిన సగాల్లో రెండో సగాన్ని మరిగించి పోలికకు పెట్టొచ్చా?

#21 పులిసినపిండి
పెట్టొచ్చు, అదే మంచిది. 10 నిమిషాలు మరిగించండి. మరిగించిన సగం కూడా ఎర్రబడితే అది పిండం కాదు, గింజ మీద పెరిగిన బూజో బాక్టీరియానో. ద్రావణం పారబోసి, కొత్త గింజలు నానబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.